పెద్ద డ్రైవరు నేర్పిన దారి

ఆ సోమవారం ఉదయం పెద్ద డ్రైవరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉతికిన దుప్పట్ల మూటలు వ్యానులో వేసుకోవాలి. ఊరికి అవతలి కొసనున్న పెద్దాసుపత్రిలో దించాలి. మాసిన మూటలు ఎక్కించుకుని రావాలి. మధ్యలో ఇరవై అయిదు నిమిషాలు నిద్రపోవాలి. ఆ చివరిది తప్ప మిగతావన్నీ లాండ్రీ యజమానికి తెలుసు.

పెద్ద డ్రైవరంటే వయసులో పెద్ద అని. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. ఆ లాండ్రీకి ఆరు వ్యాన్లు, ఆరుగురు డ్రైవర్లు. మిగతా అయిదుగురూ ఆయన్ని మామా అంటారు. ఆయన భార్య అదే లాండ్రీలో ఇస్త్రీ గదికి పెద్ద. ఆవిణ్ణి అత్తా అంటారు. మామ రోజుకు పలికే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అత్తవి లెక్కపెట్టడానికి ఇంతవరకూ ఎవరూ సాహసించలేదు.

నిద్ర సంగతి వేరే ఉంది. రాత్రి ఏ రెండింటికో పెద్ద గురక ఒకటి ఆయన్ని లేపేస్తుంది. కళ్ళు తెరిచి చూస్తే పక్కన భార్య ఉంటుంది. గదిలో ఇంకెవరూ ఉండరు. కాబట్టి గురక ఎవరిదో వేరే విచారణ అక్కర్లేదని ఆయన ఎప్పుడో తీర్పు చెప్పేసుకున్నాడు. పైకి మాత్రం అనలేదు. అంత ధైర్యం ఆయనకు లేదు.

ఆ ధైర్యం ఆయన బావమరిదికి ఉంది. మూడేళ్ళ కిందట బంధువులంతా ఒకే ఇంట్లో రెండు రోజులు కలిసి ఉండాల్సి వచ్చింది. పక్క గదిలో పడుకున్న బావమరిది పొద్దున్నే పళ్ళు తోముకుంటూ, పదిహేను మంది వింటుండగా, "అక్కా, రాత్రి నీ గురకకి కిటికీ తలుపులు కొట్టుకున్నాయే" అన్నాడు.

"నాది కాదురా. మీ బావది" అంది ఆవిడ.

పదిహేను మందీ ఆయన వైపు చూశారు. మెలకువగా ఉన్నప్పుడే చప్పుడు చేయని మనిషి నిద్రలో చేస్తాడా అని పగలబడి నవ్వారు. ఆయన తల వంచుకుని కాఫీ తాగాడు. ఆ తల వంచుకోవడమే కొంప ముంచింది. ఆవిడ ఆ పూటనుంచి తమ్ముడితో మాట మానేసింది. "వాడి గడప తొక్కినవాళ్ళు మళ్ళీ నా గడప తొక్కక్కర్లేదు" అని భర్తను కూడా కలుపుకుని శాసనం చేసింది.

ఆయన నిజంగానే ఆ గడప తొక్కలేదు. వ్యాను దిగితే కదా తొక్కడానికి. బావమరిది కుర్చీలు అల్లుతాడు. ఇంటి ముందు పెద్ద రేకుల షెడ్డు ఉంది. వ్యాను అందులోకి దూరిందంటే వీధికి కనిపించదు. సీటు వెనక్కి వాల్చి ఆయన ఇరవై అయిదు నిమిషాలు ఒళ్ళెరగకుండా పడుకునేవాడు. పక్కన గురక పెట్టేవాళ్ళు లేని ఆ నిద్ర మూడేళ్ళుగా ఆయన్ని బతికిస్తోంది. ఈ సంగతి ఇంట్లో తెలిసిందా, తాను తమ్ముడి పక్షమని తేలిపోతుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళ కాపురం ఏ పక్క ఒరుగుతుందో తలచుకోవడానికే ఆయనకు భయం.

అందుకే జాగ్రత్త పడేవాడు. బావమరిది వీధికి ముందు నాలుగు రోడ్లు కలిసేచోట గుండ్రటి పూలదిమ్మె ఉంది. ఆ దిమ్మె చుట్టూ రెండుసార్లు తిరిగేవాడు. వెనక లాండ్రీ వ్యాను ఏదీ రావడం లేదని రూఢి చేసుకున్నాకే వీధిలోకి తిప్పేవాడు.

ఆ సోమవారం వ్యాన్లు కదలకముందే యజమాని అల్లుడు వచ్చి డ్రైవర్లందరినీ వరసలో నిలబెట్టాడు. అల్లుడుగారు చదువుకున్నవాడు. ఏం చదువుకున్నాడో ఎవరికీ తెలియదు గానీ, చదువుకున్నట్టు నడకలోనే తెలిసిపోతుంది. చేతిలో అట్టపెట్టె, అందులో అరచేయంత యంత్రాలు ఆరు.

"ఇవి జీపీఎస్ పెట్టెలు. ఇకనుంచి మీరు దారి వెతుక్కోనక్కర్లేదు. ఇదే చెబుతుంది" అన్నాడు.

"మేం ఎప్పుడు వెతుక్కున్నాం అల్లుడుగారూ? రోజూ వెళ్ళే ఆసుపత్రేగా" అన్నాడు మీసాల డ్రైవరు. ఆయనకు మీసం పెద్దది, నోరు అంతకంటే పెద్దది.

"అదే మీ జబ్బు. రోజూ వెళ్ళేచోటికి ఒకడు నలభై నిమిషాలకి వెళ్తాడు, ఇంకొకడు గంటన్నరకి వెళ్తాడు. స్థిరత్వం లేదు."

ఒక్క మంచి పెట్టె కొనే ధరకు అల్లుడుగారు ఆరు తెచ్చాడు. చవకతనం అప్పుడే బయటపడింది. మీట నొక్కగానే ఒక ఆడగొంతు ఎవరికీ తెలియని భాషలో ఏదో గట్టిగా మందలించింది. పెట్టె అద్దం మీద బొమ్మలో లాండ్రీ ఉన్నచోట నీలం రంగు కనిపించింది.

"దీని లెక్కన మనం చెరువులో ఉన్నామండీ" అన్నాడు మీసాలాయన.

"లాండ్రీ అన్నాక నీళ్ళుండవా?" అన్నాడు అల్లుడుగారు. "ఇందులో ఇంకో సదుపాయం ఉంది. నేర్పే మీట. ఒక మంచి డ్రైవరు వారం రోజులు ఎటు తిరగాలో పైకి చెబుతూ నడిపితే పెట్టె నేర్చేసుకుంటుంది. ఆ చిప్పు కాపీ తీసి మిగతావాటిలో పెట్టేస్తాం. ఆరు వ్యాన్లూ ఒకే దారి. నేను లెక్కలు తీశాను. ఏ రోజైనా సరిగ్గా గంటా పది నిమిషాలకి ఆసుపత్రి చేరే మనిషి ఒక్కడే ఉన్నాడు. మామ."

"మామ చేత పైకి మాట్లాడిస్తారా? దానికి వేరే పెట్టె కొనాలేమో" అన్నాడు మీసాలాయన. అందరూ నవ్వారు. పెద్ద డ్రైవరు నవ్వలేదు. ఆ గంటా పది నిమిషాల్లో ఇరవై అయిదు ఎక్కడికి పోతున్నాయో ఆయనకు ఒక్కడికే తెలుసు.

వద్దనవచ్చు. కానీ వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే చాలా మాటలు కావాలి. ఆయన పెట్టెను ముందద్దానికి తగిలించుకుని బయలుదేరాడు.

దారి పొడుగునా పాఠం చెప్పాడు. "ఎడమ." "గొయ్యి." "ఊఁ, నేరుగా." పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. పూలదిమ్మె దగ్గరికొచ్చేసరికి ఆయనకు దానివైపు చూడాలంటే గుబులు పుట్టింది. అద్దంలాంటి ఆ ముఖంతో అది తననే చూస్తున్నట్టుంది. ఆయనకో ఉపాయం తట్టింది. మూటలోంచి ఉతికిన దిండు గలీబు ఒకటి లాగి పెట్టెకు తొడిగాడు. కళ్ళకు గంతలు కట్టినట్టయింది. ఇక దానికేం కనిపిస్తుంది? దిమ్మె చుట్టూ రెండుసార్లు తిరిగి, బావమరిది షెడ్డులో దూరి, కంటి నిండా నిద్రపోయి, బయటికొచ్చాక గలీబు తీసి నాలుగు మడతలూ పెట్టి మళ్ళీ మూటలో పెట్టాడు. ఇస్త్రీ గది పెద్దకు మొగుడు కదా, మడత తప్పలేదు.

వారమంతా అలాగే చేశాడు. పెట్టెకు కళ్ళు లేవనీ, చెవులే ఉన్నాయనీ, తానెక్కడున్నదీ అది ఆకాశంలోంచి తెలుసుకుంటుందనీ ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. చెప్పినా నమ్మేవాడు కాదు. గలీబు కప్పుకున్న పెట్టె, రేకుల కింద ఉన్న వ్యాను ఆకాశానికి ఎలా కనిపిస్తాయి?

మరుసటి సోమవారం ఆరు వ్యాన్లకూ ఆరు పెట్టెలు బిగించారు. అరగంటకొకటి చొప్పున వ్యాన్లు బయలుదేరాలి. పెట్టె చెప్పిన దారి తప్పినా, ఆగమన్నచోట ఆగకపోయినా, ఆగమన్నంతసేపు ఆగకపోయినా అల్లుడుగారి ఫోనులో తప్పు పడుతుంది. మూడు తప్పులకు సంజాయిషీ ఉత్తరం.

పెద్ద డ్రైవరు మూడోవాడుగా బయలుదేరాడు. పెట్టెలోంచి తన గొంతే వస్తుంటే మొదట్లో ఆయనకు ముచ్చటేసింది. ఇన్నేళ్ళలో ఆయన మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు. "ఎడమ" అంది పెట్టె. తిరిగాడు. "గొయ్యి" అంది. తప్పించాడు. పూలదిమ్మె వచ్చింది.

"ఎవరూ రావట్లేదుగా? ఇంకోసారి తిరుగుదాం" అంది పెట్టె.

ఆయన పెట్టె వైపు తిరిగి చూశాడు. ఆ మాట తాను మనసులో అనుకున్నాడనే ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడు. రోజంతా మాట్లాడని మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు పైకే అనేస్తాడన్న సంగతి ఆయనకు పెట్టె చెప్పేదాకా తెలియదు. తిప్పకుండా నేరుగా పోనిచ్చాడు. పెట్టె చెవులు చిల్లులు పడేలా కూసింది. వెంటనే ఫోను మోగింది.

"మామా, మీరు నేర్పిన దారి మీరే తప్పితే ఎలా?" అన్నాడు అల్లుడుగారు. "మీకు ముందు వెళ్ళిన ఇద్దరూ చక్కగా రెండుసార్లు తిరిగారు. వెనక్కెళ్ళండి."

వెనక్కెళ్ళాడు. షెడ్డులోకి తిప్పేసరికి అక్కడ లాండ్రీ వ్యానొకటి ఇంకా ఆగి ఉంది. మీసాల డ్రైవరు అల్లిక పూర్తికాని కుర్చీలో కూర్చుని టీ ఆఖరి గుక్క తాగుతున్నాడు.

"రా మామా! మంచిచోటే కనిపెట్టావ్. ఈ కుర్చీలాయన భలే మనిషి, ఎవరో ఏంటో అడక్కుండానే టీ ఇచ్చాడు" అన్నాడు. పెద్ద డ్రైవరు వాళ్ళిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. కుర్చీలాయన అత్త తమ్ముడన్న సంగతి మీసాలాయనకు తెలిసినట్టు లేదు. "కానీ మామా, ఒక్కటి అడుగుతాను. ఈ షెడ్డులోకి రాగానే 'మీ అక్కకి చెప్పకు' అంటోందేంటి పెట్టె? మా అక్కకి ఏం చెప్పకూడదు? ఇందాకటినుంచి తల బద్దలైపోతోంది."

 గేటు దగ్గర రోజూ పెద్ద డ్రైవరు బావమరిదితో అనే మాట అది.

"ఆ తర్వాత ఇంకా విచిత్రం. పావుగంటపైన గుర్రు గుర్రుమని ఒకటే చప్పుడు. రంపంతో దుంగ కోస్తున్నట్టు. పెట్టె అమ్మినవాడికి ఫోన్ చేశాను. రేకుల కింద ఉన్నారా అన్నాడు. ఉన్నామన్నాను. అయితే శాటిలైట్ కోసం వెతుకుతోందండీ, దాని పని దాన్ని చేసుకోనివ్వండి అన్నాడు. అంతసేపా అంటే, చవక పెట్టె కదండీ అన్నాడు."

మీసాలాయన వ్యాను వెళ్ళాక బావమరిది కుర్చీ పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

"ఏంటి బావా ఇది? అరగంటకొకడు వస్తున్నాడు. టీ పొడి అయిపోయింది."

"పెట్టె" అన్నాడు పెద్ద డ్రైవరు.

"ఏం పెట్టె?"

ఆయన పెట్టె వైపు వేలు చూపించాడు. పెట్టె అప్పటికే గుర్రు అందుకుంది. బావమరిది చెవి ఒగ్గి కాసేపు విన్నాడు. ఏదో అనబోయి, నోరు నొక్కుకుని, తిరిగి అల్లికలో పడ్డాడు. పెద్ద డ్రైవరు సీటు వాల్చాడు గానీ ఆ రంపం చప్పుడుకు కునుకు పట్టలేదు. ఎంత చవకైనా మరీ ఇంత రోత యంత్రమా అని విసుక్కున్నాడు.

మంగళవారం ఉదయం ఆయన సాహసించి అల్లుడుగారి గదిలోకి వెళ్ళాడు. "ఆ షెడ్డు దగ్గర ఆగడం... తీసేద్దాం" అన్నాడు.

"ఎందుకు?"

ఆయన మాట్లాడలేదు.

"పోనీ, అసలు మీరు అక్కడ ఎందుకు ఆగేవారు?"

ఆయన ఇంకా మాట్లాడలేదు. అల్లుడుగారు గుమాస్తా వైపు తిరిగాడు. "చూశావా? చెప్పడు. దాన్నే అనుభవం అంటారు. పాతికేళ్ళ డ్రైవరు ఊరికే ఆగుతాడా? ఇంజను చల్లబడటానికో, టైర్ల వేడి దిగడానికో ఏదో లెక్క ఉంటుంది. ఆ ఆగడం తీసేస్తే మొత్తం దారే దెబ్బతింటుంది." గుమాస్తా ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు.

బుధవారానికి సంగతి లాండ్రీ దాటిపోయింది. పూలదిమ్మె దగ్గర కాపలా ఉండే ట్రాఫిక్ పోలీసు రెండు రోజులుగా చూస్తున్నాడు. ఒకే రంగు వ్యాన్లు ఆరు, అరగంటకొకటి వచ్చి, సరిగ్గా రెండుసార్లు ప్రదక్షిణం చేసి, ఒకే వీధిలోకి పోతున్నాయి. ఒకదాన్ని ఆపి ఎందుకని అడిగితే డ్రైవరు పైకి చూపించి "పైనుంచి చెబుతున్నారండీ" అన్నాడు. పోలీసుకు పైనుంచి అంటే ఒకటే అర్థం. అప్పటినుంచి వ్యాను కనపడగానే మిగతా బళ్ళన్నీ ఆపేసి దారిచ్చి సెల్యూట్ కొట్టడం మొదలుపెట్టాడు. ఆగిపోయిన బళ్ళవాళ్ళు ఆ వీధిలో ఎవరో గొప్పవాళ్ళు దిగారనుకున్నారు.

వీధిలోవాళ్ళు మాత్రం ఇంకోలా అనుకున్నారు. ఎదురింటావిడ బావమరిదిని అడిగింది. "ఏమయ్యా, కుర్చీలు మానేసి లాండ్రీ పెట్టావా? చెప్పనేలేదే." ఆయన అవుననలేదు, కాదనలేదు. ఆవిడ ఇంట్లోకెళ్ళి నాలుగు దుప్పట్లు మూటగట్టి తెచ్చింది. పక్కింటాయన కోటు తెచ్చాడు. మూలింటివాళ్ళు ఇల్లంతా తెచ్చారు. వచ్చిన డ్రైవరు మూటలు చూశాడు. పెట్టె ఆగమంది, ఇక్కడ మూటలున్నాయి. ఎక్కించమని కాకపోతే ఎందుకు ఆగమంటుంది? ఎక్కించాడు. బావమరిది కూడా లోపలికెళ్ళి కిటికీ పరదా ఒకటి ఊడదీసి తెచ్చి మూటల పైన పెట్టాడు.

గురువారం పొద్దున్న ఆ పరదా ఇస్త్రీ బల్లమీదికి వచ్చింది.

ఆసుపత్రి దుప్పట్లన్నీ తెలుపు. మధ్యలో నీలం పరదా కనిపించేసరికి అత్త ఇస్త్రీపెట్టె నిలబెట్టి దాన్ని విప్పింది. అంచు కుట్టు చూసింది. నీలం బట్టకు ఆకుపచ్చ దారం. పదేళ్ళ కిందట నీలం దారం అయిపోతే, తమ్ముడింటికే కదా, వాడేం చూస్తాడులే అని ఉన్న దారంతో తానే కుట్టిచ్చిన పరదా అది. ఆవిడ దాన్ని భుజాన వేసుకుని తిన్నగా వ్యాన్ల దగ్గరికొచ్చింది.

"ఇదెక్కడిది?"

పెద్ద డ్రైవరు పరదా చూశాడు. ఆకుపచ్చ దారం చూశాడు. 

"మాట్లాడరేం? మూడేళ్ళుగా నేను గుమ్మం తొక్కని ఇంటి పరదా నా బల్లమీదికి నడిచొచ్చిందా?"

"పెట్టె" అన్నాడు ఆయన.

"అదేం లేదత్తా" అని మీసాల డ్రైవరు అడ్డొచ్చాడు, సాయం చేద్దామని. "మామ కనిపెట్టిన షెడ్డు ఒకటుంది. ఆరు వ్యాన్లూ రోజూ అక్కడ ఆగుతాయి. కుర్చీలల్లే ఆయన, చాలా మర్యాదస్తుడు. మూటలు అక్కడే ఎక్కుతున్నాయి. మామకి మూడేళ్ళుగా తెలుసని ఆయనే చెప్పాడు."

ఎప్పుడైనా మాట్లాడాల్సిన సమయమంటూ ఉంటే అదే. పెద్ద డ్రైవరు ఆ సమయాన్ని కూడా మిగతావాటిలాగే ఊరికే పోనిచ్చాడు. అత్త వ్యాను తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది.

"పదండి."

ఆవిడ అన్నట్టే ఆయన వ్యాను కదిలించాడు గానీ, మొదటి మలుపులోనే వేరే దారి పట్టబోయాడు. పెట్టె కూసింది. ఇంకో సందు చూశాడు. మళ్ళీ కూసింది. ఫోను మోగింది. "మామా, ఒకే రోజు రెండు తప్పులు!" అన్నాడు అల్లుడుగారు. ఆయన పెట్టె చెప్పినట్టే పోనిచ్చాడు. పోలీసు బళ్ళన్నీ ఆపి సెల్యూట్ కొట్టాడు.

"మీకెందుకు కొడుతున్నాడు?" అంది ఆవిడ.

"ఎవరూ రావట్లేదుగా? ఇంకోసారి తిరుగుదాం" అంది పెట్టె, ఆయన గొంతుతో.

ఆవిడ ఆయన నోటి వైపు చూసింది. మూసే ఉంది. పెట్టె వైపు చూసింది. ఇక మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ మాట్లాడకపోవడం అదే మొదటిసారి. ఆయనకు తిట్లకంటే అదే ఎక్కువ భయం వేసింది. దిమ్మె చుట్టూ రెండో చుట్టు తిరుగుతుంటే వ్యాను ఇంకో పది చుట్లు తిరిగితే బాగుండుననిపించింది.

షెడ్డులో ఆగారు. మీసాలాయన వ్యాను కూడా వెనకే వచ్చి ఆగింది. తమాషా ఎక్కడ తప్పిపోతుందోనని ఆయన తన వేళకు ముందే బయలుదేరాడు. చేతిలో తాళ్ళతో బావమరిది బయటికొచ్చి, ముందు సీట్లో అక్కను చూసి రాయిలా నిలబడిపోయాడు.

"మీ అక్కకి చెప్పకు" అంది పెట్టె.

 ఎదురింటావిడ మూటతో వచ్చి, వాతావరణం చూసి, గేటు దగ్గరే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పెట్టె సన్నగా మొదలుపెట్టింది. ముందు చిన్న ఈల. తర్వాత కప్పల బెకబెక. ఆ తర్వాత రంపం, దుంగ, మధ్యమధ్య ఊపిరి ఆగిపోయి ఒక్కసారిగా బద్దలవడం. అత్త తల పక్కకి వంచింది. ఆవిడ ముఖంలో కోపం ఎటో పోయింది. తప్పిపోయిన వస్తువు దొరికినట్టు కళ్ళు పెద్దవయ్యాయి.

"కంగారు పడకత్తా. అది శాటిలైట్‌ని వెతుకుతున్న చప్పుడు. అమ్మినవాడే చెప్పాడు" అన్నాడు మీసాలాయన.

"ముప్పై ఏళ్ళుగా వింటున్నాను నాయనా ఈ శాటిలైట్‌ని" అంది ఆవిడ.

పెద్ద డ్రైవరు మొదటిసారి ఆ చప్పుడును సరిగ్గా విన్నాడు. రాత్రి తనని లేపే చప్పుడదే. అదే ఈల, అదే రంపం. కానీ ఇది తన వ్యానులో, తాను పడుకున్నచోట పట్టిన చప్పుడు. ఆవిడ ఇక్కడికి రావడం ఇదే మొదలు. ఆయన లెక్క వేసుకున్నాడు. చిన్న లెక్కే. జవాబు ఎన్నిసార్లు వేసినా ఒక్కటే వస్తోంది.

"ఇది... నాదా?" అన్నాడు.

"కాదు, ఎదురింటావిడది" అంది భార్య. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా! రోజూ ఈ రేకుల కిందే కూర్చుంటావుగా. నీకెప్పుడు తెలిసింది?"

బావమరిది తాళ్ళు కింద పడేశాడు. "రెండోరోజే తెలిసిందక్కా. ఆ రాత్రి నేను విన్నది నీది కాదు, బావదేనని."

"రెండోరోజు! మూడేళ్ళయిందిరా! చెప్పడానికి నోరు రాలేదా?"

"చెబితే ఎక్కడ విన్నావంటావు. బావ వస్తున్నాడని చెప్పాలి. నువ్వు బావని రానివ్వవు. ఆ కాస్త మనిషీ రాకుండా పోతే ఈ షెడ్డులో నాకెవరున్నారు?"

"నిద్రపోయేవాడు వస్తే ఏం, రాకపోతే ఏంరా?"

"నిద్రపోయేవాడైనా మనవాడే కదక్కా."

ఆవిడ పరదా భుజం మీంచి తీసింది. దాని రెండు వైపులా తిప్పి చూసింది. "ఇది మాసిందనేనా లాండ్రీలో వేశావు?"

"మాయలేదక్కా" అన్నాడు తమ్ముడు, నేల చూస్తూ.

ఆవిడ కాసేపు పరదా అంచునే సర్దుకుంటూ ఉండిపోయింది. ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "టీ పెట్టు. పంచదార తక్కువ" అంది. మూడేళ్ళ తగాదా అక్కడితో తెగిపోయింది. భర్త తగాదా ఇంకా తెగలేదు. "మీరు కదలకండి. ఇరవై అయిదు నిమిషాలూ వినండి" అంది. ఆయన విన్నాడు. వింటుండగానే ఆవిడ ఫోను తీసి, ఆ పదిహేను మంది బంధువులకూ ఒక్కొక్కరికీ కలిపి, పెట్టె దగ్గర పెట్టి, "విన్నారుగా? ఉంటాను" అని పెట్టేస్తూ వచ్చింది. తొమ్మిదో బంధువు దగ్గర చప్పుడు అయిపోతే, అప్పుడే వెనక వచ్చి ఆగిన వ్యానులో పెట్టె దగ్గరికి మారింది. అందులోనూ అదే చిప్పు.

ఈలోగా మిగతా నాలుగు వ్యాన్లూ కూడా తమాషా కోసం వేళకు ముందే వచ్చాయి. లోపల చోటు లేక వీధిలో బారు తీరాయి. ఏ పెట్టే కదలనివ్వడం లేదు, ఏ డ్రైవరూ తప్పు వేయించుకోదలచలేదు. పెద్దాసుపత్రిలో ఒక్క మంచం మీదా దుప్పటి లేదు. ఆసుపత్రివాళ్ళు యజమానికి ఫోన్ చేశారు. యజమాని అల్లుడికి చేశాడు. అల్లుడుగారు తన ఫోనులో ఆరు చుక్కలూ ఒకేచోట కుప్పపడి ఉండటం చూసి పరుగెత్తుకొచ్చాడు. షెడ్డులో అత్త టీ తాగుతోంది, డ్రైవర్లు కుర్చీల్లో కూర్చున్నారు, వీధివాళ్ళు మూటలతో వరసలో ఉన్నారు, అన్నివైపులనుంచీ గురక.

"ఏంటిది?" అన్నాడు.

మీసాలాయన మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. అల్లుడుగారి ముఖం గలీబులా తెల్లబడింది. సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. మామగారు. అల్లుడుగారు గొంతు సవరించుకున్నాడు.

"పొరపాటేం లేదండీ మామగారూ. మీకు ముందే చెబితే సంతోషం తగ్గిపోతుందని చెప్పలేదు. మాసిన బట్టల సేకరణకి కొత్త కేంద్రం ఇవాళే మొదలైంది... అవునండీ, జనం వరసలో నిలబడ్డారు... డ్రైవర్లకి విశ్రాంతి కూడా ఇక్కడే. యంత్రమే చోటు ఎంచింది. ఆసుపత్రికా? ఇదిగో, బయలుదేరుతున్నారు."

యజమాని మెచ్చుకున్నాడు. మరుసటి వారం షెడ్డుకు లాండ్రీ పేరుతో బోర్డు పెట్టారు. లెక్క చూడటానికి, మడతలు నేర్పడానికి అత్తను అక్కడికి బదిలీ చేశారు. అక్కా తమ్ముడూ పొద్దస్తమానం పోట్లాడుకుంటూ కేంద్రాన్ని బ్రహ్మాండంగా నడుపుతున్నారు. ఇంట్లో ఆవిడ ఇప్పుడు వేరే గదిలో తలుపేసుకుని పడుకుంటోంది. ముప్పై ఏళ్ళ తర్వాత నిద్ర ఇంత బాగుంటుందని తెలిసిందట. పెద్ద డ్రైవరుకు మాత్రం రాత్రి రెండింటికి మెలకువ వస్తూనే ఉంది. చూస్తే పక్కన ఎవరూ ఉండరు.

అల్లుడుగారు కొత్త ఉత్తర్వు గోడకు అంటించాడు. ఇకనుంచి డ్రైవర్లంతా మధ్యాహ్నం ఒకేసారి షెడ్డుకు చేరి, తప్పనిసరిగా ఇరవై అయిదు నిమిషాలు నిద్రపోవాలి. పోకపోతే తప్పు పడుతుంది. మొదటి రోజే అయిదుగురు డ్రైవర్లూ ఎర్రబడ్డ కళ్ళతో ఆయన గదికి వెళ్ళారు.

"మామ పడుకుంటే మేం పడుకోలేమండీ. రేకులు ఊడొస్తున్నాయి" అన్నాడు మీసాలాయన.

అల్లుడుగారు బాగా ఆలోచించి, ఉత్తర్వు కింద ఇంకో వాక్యం చేర్చాడు. పాతికేళ్ళ సేవను గుర్తించి పెద్ద డ్రైవరును నిద్ర పర్యవేక్షకుడిగా నియమించడమైనది. ఆ పదవిలో చేయాల్సిన పని ఒక్కటే, మెలకువగా ఉండటం.